హైరమ్ డౌడ్ పుస్తకంలో మూడో పేరు

చక్రపాణి పావుగంటసేపు జోకు వెయ్యకుండా కూర్చున్నాడంటే ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఫోన్లు చేసుకుంటారు, ఆ ఇంట్లో అంతా బాగానే ఉన్నారా అని. అలాంటి మనిషి ఆ శనివారం పొద్దున కింది బాత్‌రూమ్‌లోకి దూరి, తలుపు లాక్ చేసుకుని, కమోడ్ మూత మీద కూర్చుని, ఒళ్ళో ఒక పాత నోట్‌బుక్ పెట్టుకుని, చేతిలో తడిగుడ్డతో నలభై నిమిషాలు చెమటలు కక్కాడు. పెళ్ళాం ఉష రెండుసార్లు తలుపు కొట్టింది. "కడుపు బాలేదు" అన్నాడు. అప్పటికది అబద్ధమే గానీ, నిజమయ్యేలాగే ఉంది.

సంగతి ముందు రోజు సాయంత్రం మొదలైంది. అన్నగారమ్మాయి ప్రణీత దసరాకని యూనివర్సిటీ నుంచి వచ్చింది. పండగ గురువారమే అయిపోయింది, కానీ అమెరికాలో ఏ పండగైనా శనివారం దాకా ఆగాల్సిందే కదా. వచ్చిన పిల్ల బాబాయ్‌ని పలకరించకుండా, పిన్ని పెట్టిన గారెలు ముట్టుకోకుండా, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, పిండిసంచీ గుడ్డలో చుట్టిన ఒక పుస్తకాన్ని పసిపిల్లని దించినట్టు దించింది.

"ఏంటే అది, పంచాంగమా?" అన్నాడు చక్రపాణి.

"చెయ్యి కడుక్కున్నావా బాబాయ్? కడుక్కున్నా ముట్టుకోకు."

ఆ పిల్ల చదివేది పాత కాగితాలు భద్రపరిచే చదువు. చక్రపాణి దానికి చిత్తుకాగితాల ఎమ్మెస్ అని పేరు పెట్టాడు. ఈయనగారు మాత్రం ఏం చదివాడని. ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష మానేసి మ్యాట్నీకి పోయిన ఘనుడు. కార్ల విడిభాగాల గోడౌన్‌లో ఇరవై ఆరేళ్ళుగా ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. ప్రణీత ఆ దేశం వచ్చిన కొత్తల్లో, మొదటి మంచు కొంచెం ఉప్పేసుకుని తింటే ఏడాదంతా జలుబు రాదని నమ్మించి తినిపించాడు. పక్కింటాయన లాన్‌లో "ఇల్లు అమ్మబడును" బోర్డు పాతాడు. పుట్టుకతో వచ్చిన గుణం, పుడకలతో గానీ పోయేలా లేదు.

"ఇది హైరమ్ డౌడ్ నోట్‌బుక్" అంది ప్రణీత. "ఇక్కడికి గంటన్నర దూరంలో రైతు. నూట డెబ్భై ఏళ్ళ కిందటి మాట. ఎడ్లతో దున్నేవాడు. సాలు చివరికొచ్చాక ఎడ్లు ఒగరుస్తూ ఆగుతాయి కదా, అంతసేపే రాసేవాడు. అందుకే ఏ పద్యమూ నాలుగు లైన్లు దాటదు."

"ఎడ్లకి ఆయాసం ఎక్కువుంటే రామాయణం రాసుండేవాడన్నమాట."

"జోకులు వేసేవాడు బాబాయ్, నీలాగే. కౌంటీ పేపర్‌లో ప్రతివారం పందుల మీదా, కోళ్ళ మీదా, పాస్టర్ గారి నిద్ర మీదా. జనం కోసుకుని గోడలకి అంటించుకునేవాళ్ళు. అసలైనవి బోస్టన్ పత్రికలకి పంపితే మాత్రం అన్నీ తిరిగొచ్చేసేవి. ఆ తిరుగుటపా కాగితాల వెనకే మళ్ళీ రాసేవాడు."

"ఇందులో ఏవున్నాయి, పందులా?"

ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, తను టైప్ చేసుకున్నది తెలుగులో చెప్పింది.

"సాలు చివర ఎడ్లు ఆగాయి,
ఊపిరి తీసుకుంటున్నాయి.
నేనూ ఆగాను. నాకు మాత్రం
తీసుకోవాలని లేదు."

చక్రపాణి పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. గారె ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.

"ఒకే వారంలో ముగ్గురు పిల్లలు పోయారు" అంది ప్రణీత. "గొంతు జబ్బు. మొదటి పేజీలో వాళ్ళ పేర్లే ఉంటాయి, పెన్సిల్‌తో. ఆ తర్వాత ఏడు పేజీలు ఖాళీ. ఏడాదికోసారి ఆ వారం రాగానే పేజీ తిప్పి, ఏమీ రాయకుండా మూసేశాడన్నమాట."

ఇక ఆ పిల్ల కష్టం. నోట్‌బుక్ ఆ రైతు మునిమనవరాలు మిస్ లొరైన్‌ది. తొంభై ఒక్కేళ్ళ రిటైర్డ్ టీచరమ్మ. ఫోటోలు తియ్యొద్దు, చేత్తో టైప్ చేసుకో, ఆదివారం తెచ్చి నాకు చదివి వినిపించు, నచ్చితే మీ లైబ్రరీకి ఇస్తున్నట్టు సంతకం పెడతానంది. అది వస్తే లైబ్రరీలో ప్రాజెక్ట్, ప్రాజెక్ట్ ఉంటే ప్రణీతకి జాబ్, జాబ్ ఉంటే వీసా. డిసెంబర్‌లో డిగ్రీ అయిపోతుంది. రెండొందల పన్నెండు అప్లికేషన్లు పెట్టింది, ఒక్కదానికీ సమాధానం లేదు. ఈ నాలుగు లైన్ల రైతే ఆ పిల్లకి మిగిలిన ఆధారం.

"నిద్రపోయి ఎన్నాళ్ళయిందే?" అన్నాడు చక్రపాణి.

"సోమవారం పడుకుంటాలే బాబాయ్."

శనివారం పొద్దున ఆ పిల్ల స్నానానికి వెళ్ళింది. హాల్లో ఉష సరస్వతి పూజకి పీట మీద అన్నీ పేర్చింది. లాప్‌టాప్, కారు తాళాలు, చక్రపాణి ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్స్, భగవద్గీత, ఇంటి ఇన్సూరెన్స్ ఫైలు. పూజలో పెట్టిన పుస్తకం ఆ రోజు చదవకూడదు కదా. చక్రపాణికి అక్కడ మెరుపులా తట్టింది. ఆ గుడ్డమూట తీసుకెళ్ళి, గుడ్డ విప్పి, నోట్‌బుక్‌ని గీత కింద దూర్చాడు. పిల్ల వచ్చి ఇల్లంతా వెతుకుతుంది, చివరికి అమ్మవారి ముందు కనబడుతుంది, ఇవాళ చదివితే కళ్ళు పోతాయే అని బెదిరిస్తే ఒక పూటైనా కడుపునిండా తిని పడుకుంటుంది. ఇదీ ప్లాను. తనలో తనే నవ్వుకుంటూ గరాజ్‌లోకి పోయాడు, మామిడాకులకి బదులు ప్లాస్టిక్ తోరణం వెతకడానికి.

ఉషకి కళ్ళజోడు వంటింట్లో ఉండిపోయింది. పీట మీద ఉన్న ప్రతిదానికీ తడి పసుపు, పైన కుంకుమ పెట్టుకుంటూ వచ్చింది. గీత కిందనుంచి తీసిన నోట్‌బుక్ నల్లటి తోలు అట్ట మీద పసుపు కనబడలేదు. అయ్యో బొట్టు అంటలేదని అట్ట తిప్పింది. లోపల పేజీ ఆవిడ కంటికి తెల్లగా ఉంది. నిండుగా మూడు బొట్లు పెట్టి, అక్షింతలేసి, దణ్ణం పెట్టుకుంది.

తోరణం పట్టుకొచ్చిన చక్రపాణికి ముందు నవ్వొచ్చింది. వంగి చూశాడు. పసుపు కింద సన్నటి వెండిగీతలు. హెన్రీ, తొమ్మిదేళ్ళు. ఐడా, ఆరేళ్ళు. మూడోది పూర్తిగా పసుపు కింద ఉంది.

నోట్‌బుక్ చంకన పెట్టుకుని బాత్‌రూమ్‌లోకి పోయాడు.

కుంకుమ ఊదితే పోయింది. పసుపు పోలేదు. తడిగుడ్డతో అద్దితే ఇంకాస్త పాకింది. ఎదురుగా సబ్బు ఉంది. మనిషికి కంగారులో పుట్టిన ఊరు కూడా గుర్తుండదు కదా. గుడ్డకి సబ్బు రాసి, మెల్లిగా, చాలా మెల్లిగా రుద్దాడు. పసుపు కాస్తా కళ్ళముందే ఎర్రబడింది. నెత్తురులా ఎర్రగా. భయపడి ఇంకా రుద్దాడు. కాగితం నూగులా లేచింది. ఆపి చూసేసరికి పైన రెండు పేర్లు ఎర్రటి మరకలో మిగిలాయి, మూడోది లేదు. గుడ్డ మీద బూడిదరంగు మచ్చ ఉంది. అదే ఆ పేరు.

గుడ్డని జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో అతనికీ తెలీదు.

తలుపు తెరిచేసరికి ఉష, వెనకాల తడిజుట్టుతో ప్రణీత.

"బాబాయ్, నోట్‌బుక్ ఎక్కడ పెట్టావ్? నీ జోకులు తర్వాత. ప్లీజ్."

ఇచ్చేశాడు. ఆ పిల్ల తెరిచింది. మెట్టు మీద కూర్చుని ఆ పేజీని అలా చూస్తూ ఉండిపోయింది.

"సబ్బు రాశారా?" అంది ఉష. "సబ్బు తగిలితే పసుపు ఎర్రబడదూ? పారాణి ఎలా కలుపుతారో మీ ఇంట్లో ఎప్పుడూ చూళ్ళేదా?"

"కంగార్లో తోచలేదే."

"కళ్ళజోడు పెట్టుకోకపోవడం నా తప్పు. అసలు దాన్ని అక్కడ పెట్టిందెవరు?"

చక్రపాణి తల దించుకున్నాడు. ఉష ఇక అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడకి ఈ ప్రశ్నకి ఒకటే జవాబు.

"ఎండలో పెడితే పసుపు పోతుంది" అన్నాడు చిన్నగా. "బట్టలకైతే..."

ప్రణీత కిటికీలోంచి చూసింది. మిషిగన్ ఆకాశం తడిసిన దుప్పట్లా ఉంది. "నూట డెబ్భై ఏళ్ళ కాగితాన్ని ఎండలో పెడతావా బాబాయ్. పోనీ, ఆ ఎండ మాత్రం ఏది?"

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ భోంచెయ్యలేదు. పులిహోర గిన్నెలో అలాగే చల్లారింది.

ఆదివారం చక్రపాణే డ్రైవ్ చేశాడు. దారి పొడుగునా కోసెయ్యని మొక్కజొన్న ఎండిపోయి నిలబడి ఉంది. హైవే దిగాక ప్రణీత అంది, "మిస్ లొరైన్‌కి చూపు లేదు బాబాయ్. అంచుల్లో కొంచెం కనబడుతుందట, మధ్యలో అంతా మసక."

"అయితే?"

"అయితే ఏం లేదు. నేను చదువుతాను. మూడు పేర్లూ నాకు నోటికొచ్చు. సంతకం పెడుతుంది. లైబ్రరీవాళ్ళు చూస్తే ఎప్పటి మరకో అనుకుంటారు."

చక్రపాణి స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. పేజీ మూలన వేలు తగిలితే సారీ చెప్పే పిల్ల అది. నిన్నటి దాకా.

"నువ్వు మాత్రం నోరు విప్పొద్దు" అంది. "నీ కాళ్ళు పట్టుకుంటా. మొట్టమొదటిసారి, ఒక్కసారి, నోరు మూసుకుని కూర్చో."

"మూసుకుంటానే."

మిస్ లొరైన్ ఇల్లు చెక్క ఇల్లు, తెల్లరంగు పెచ్చులూడిపోయింది. ఆవిడ వరండా పక్క గదిలో, కుర్చీలో, మోకాళ్ళ మీద శాలువాతో కూర్చుని ఉంది. ఎదురుగా బల్ల మీద పెన్ను ముందే తీసిపెట్టుకుంది.

"ఎవరో పెద్దాయన్ని తీసుకొచ్చావు" అంది ఆవిడ.

"మా అంకుల్, మేడమ్. కారు నడపడానికి."

"కూర్చోండి మిస్టర్ అంకుల్."

ఇంకోరోజైతే ఆ పిలుపు మీద పది జోకులేసేవాడు. ఒద్దికగా కూర్చున్నాడు.

ప్రణీత చదవడం మొదలుపెట్టింది. కోళ్ళ పద్యానికి ఆవిడ నవ్వింది. ఊపిరి పద్యానికి కళ్ళు మూసుకుంది. ముప్ఫై నిమిషాలు చదివాక ఆవిడ చెయ్యి చాచింది. "అది ఇలా ఇవ్వమ్మా. మొదటి పేజీ. సంతకం ముందు ఆ పిల్లలకి ఒకసారి చెప్పాలి నేను."

ప్రణీత లేచింది. ఇచ్చింది. ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతి చూపుడువేలు పేజీ మీద ఆనించింది.

"మా ముత్తాత పెన్సిల్ గట్టిగా నొక్కి రాసేవాడు" అంది. "కళ్ళు పోయాక నాకు తెలిసింది. గాడి పడి ఉంటుంది. నాగలి పట్టిన చెయ్యి కదా, కాగితాన్నీ దున్నేశాడు."

వేలు మెల్లిగా కదిలింది. "హెన్రీ" అంది. కిందికి దిగింది. "ఐడా." ఇంకా కిందికి దిగింది. ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

"లూసీ" అంది ప్రణీత గబుక్కున. "రెండేళ్ళు."

"పేరు నాకు తెలుసమ్మా. కనబడ్డం లేదు." వేలు అంగుళం పక్కకి, అంగుళం ఇటు. "పై ఇద్దరికీ చర్చి వెనకాల రాళ్ళున్నాయి. దీనికి చెక్క గుర్తు పెట్టారు, అది చివికిపోయింది. ఈ పేరు ఇక్కడ తప్ప ఎక్కడా లేదు." వేలు మళ్ళీ వెతికింది. తర్వాత ఆవిడ చెయ్యి ఎత్తి, వేలి కొనని బొటనవేలితో రుద్దుకుని, కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వింది. "ఇక వేళ్ళు కూడా పోతున్నాయన్నమాట. కళ్ళు పోయినప్పుడు ఇంత అనిపించలేదు."

ప్రణీత నేలకేసి చూస్తోంది. పెదవి కొరుక్కుంటోంది. పెన్ను బల్ల మీద ఉంది.

చక్రపాణి జీవితంలో ఎన్ని అబద్ధాలు ఆడాడో వాటికి అంతులేదు. ఇప్పుడు ఆడక్కర్లేదు కూడా, ఊరికే ఉంటే చాలు. ఒక ముసలమ్మ తన వేలినే తప్పుపట్టుకుని సంతకం పెట్టేస్తుంది. పిల్లకి జాబ్ వస్తుంది. జేబులో చెయ్యి పెట్టాడు. గుడ్డ తగిలింది, ఎండి అట్టకట్టింది.

"మేడమ్" అన్నాడు. "మీ వేలు బాగుంది."

"బాబాయ్" అంది ప్రణీత తెలుగులో, చాలా మెల్లిగా. "వద్దు."

"మీ వేలికేం కాలేదు మేడమ్. పేరే లేదు. నేనే రుద్దేశాను."

వచ్చిన ఇంగ్లీషులో, రానిచోట చేతులు తిప్పుతూ, అంతా చెప్పాడు. పూజ, పీట, తన వేళాకోళం, భార్య కళ్ళజోడు, సబ్బు. అమ్మాయికి ఏమీ తెలీదన్నాడు. ఆ ఒక్క ముక్క అబద్ధం. మా ఇళ్ళల్లో పసుపు పెట్టడమంటే గౌరవం అని చెప్పబోయి, అది నిజమే అయినా, ఇప్పుడు సాకులా ఉంటుందని మింగేశాడు. గుడ్డ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇదేమిటి?"

"దాంతోనే రుద్దాను. పెన్సిల్ దీనికి అంటుకుంది."

ఆవిడ గుడ్డ వాసన చూసింది.

"అమ్మాయికి తెలీదన్నారు" అంది చివరికి. "మరి ఇందాక నేను వెతుకుతుంటే ఆ పేరు అంత తొందరగా ఎందుకు అందించింది?"

ప్రణీత మొహం తిప్పుకుంది.

"టీచర్‌ని, నలభై ఏళ్ళు చేశాను. కాపీ కొట్టే పిల్లలు మాత్రమే అంత తొందరగా చెప్తారు." ఆవిడ బల్ల మీద తడిమి, పెన్ను తీసి, మూత బిగించింది. "ఇవాళ సంతకం పెట్టలేను. రేపు పెడతానో లేదో కూడా చెప్పను. పుస్తకం ఇక్కడే ఉంటుంది."

"డిసెంబర్ దాకానే నాకు..." అని ప్రణీత మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ మాట ఎంత చిన్నదో ఆ పిల్లకే వినబడింది.

"రెండో సగం ఇంకా చదవలేదు నువ్వు" అంది ఆవిడ. "వచ్చే ఆదివారం వచ్చి చదివితే వింటాను. వింటానని మాత్రమే అంటున్నాను. మీ అంకుల్‌ని కార్లో కూర్చోమను."

"కూర్చుంటాను మేడమ్."

"అంతకంటే ముందు ఒక పని ఉంది మీకు. ఆ సొరుగులో కాగితం, పెన్సిల్ ఉంటాయి. మీరు చేసింది రాయండి. తారీఖు వెయ్యండి. దీన్ని ఎవరు తెరిచినా, ఆ ఎరుపేమిటో, ఆ ఖాళీ ఏమిటో, అక్కడ ఎవరుండేవారో తెలియాలి. మరకలన్నీ ఎప్పటివో అనుకోకూడదు."

ఆ ఆఖరి మాటకి ప్రణీత ఉలిక్కిపడింది.

"నాకు ఇంగ్లీష్ రాయడం రాదు మేడమ్. ఇంటర్ తప్పాను."

"వచ్చిన భాషలో రాయండి. చదవగలిగినవాళ్ళు ఎప్పుడో ఒకరు వస్తారు. మా ముత్తాత కూడా నాలుగో క్లాసే."

చక్రపాణి సొరుగు తీశాడు. పెన్సిల్ మొండిది. కాగితం బల్ల మీద పెట్టుకుని వంగాడు. పాతికేళ్ళయి ఉంటుంది తెలుగులో ఏదైనా రాసి. ముసలమ్మ వేలు ఆ పేజీ మీదే ఉంది, ఐడా కింద, ఏమీ లేనిచోట. ఏం రాయాలో తెలీక చెయ్యే తనంతట తను కదిలింది. చిన్నప్పటి అలవాటు కొద్దీ కాగితం నెత్తిమీద శ్రీ అని రాసేసింది. చక్రపాణి అది చూసుకుని పెన్సిల్ పైకెత్తాడు. ఈ కాగితానికా శ్రీకారం.

"అమ్మడూ" అన్నాడు, తలెత్తకుండా. "రబ్బరుందా నీ దగ్గర?"

ప్రణీత వచ్చి పక్కన నిలబడింది. ఆ అక్షరంకేసి చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"ఉండనీ బాబాయ్" అంది. "ఇంకేమీ చెరపకు. కింద రాయి."

చక్రపాణి పెన్సిల్ గట్టిగా నొక్కి పట్టుకుని, ముందు ఆ పేరు రాశాడు.